ఒకే ఇంట్లో రెండు బీఏలు

మా ఇంట్లో ఇద్దరు ఒకేసారి ఇంగ్లీషు బీఏ చదివారు. ఒకతి నా కూతురు గిరిజ. రెండోవాడు నా మొగుడు.

నవ్వకండి. కాలనీ అంతా నవ్వింది చాలు. చంద్రపూర్‌లో బొగ్గు గని వాళ్ల క్వార్టర్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో పోపు వేస్తే మూడో ఇంట్లో తుమ్ముతారు. అలాంటి చోట నలభై దాటిన మనిషి లుంగీ ఎగ్గట్టుకుని గుమ్మంలో కూర్చుని, చిన్న పిల్లాడిలా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఇంగ్లీషు వల్లెవేస్తుంటే ఎవరు నవ్వరు? మా గోడ అవతలి కుసుంబాయి అయితే నీళ్ల పంపు దగ్గర నలుగురిలో నన్ను ఆపి, మీ ఆయనకు స్కూలు నిక్కరు కుట్టించావా నర్సక్కా అని మరాఠీలో అడిగేది. నా నోరు ఊరుకుంటుందా? మీ ఆయన తాగి పడుకుంటాడు, మా ఆయన చదువుకుంటాడు, ఎవరి పిచ్చి వాళ్లకు ఆనందం అనేదాన్ని. అంటే అన్నాను గానీ బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేదాకా చెవులు మంటెత్తుతూనే ఉండేవి.

మాది కోర్పనా వైపు, మరాఠీ నేలలోనే తెలుగు మాట్లాడే పల్లె. పత్తి చేనులో ఏమీ మిగలక, పెళ్లైన కొత్తలోనే చంద్రపూర్ వచ్చాం. ఆయన పేరు ప్రహ్లాద్. మొదట ఖదాన్‌లోకి, అదే గనిలోకి దిగాడు. ఆ దుమ్ము పడలేదు. దగ్గు మొదలైతే రాత్రంతా కూర్చునే ఉండేవాడు, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. చివరికి దవాఖానాలో డాక్టరు కాగితం రాసిస్తే పైన ఆఫీసులో ప్యూన్ పని ఇచ్చారు. ఫైళ్లు మోయడం, చాయ్ తేవడం. చిన్న పనే, కానీ దగ్గు ఆగింది. నాకు అంతే కావాలి.

తొంభై మూడులో ఆ పనికీ ఎసరొచ్చింది. దేశంలో ఏవో మార్పులు వచ్చాయట. సర్కారు కంపెనీలు కూడా ఖర్చులు తగ్గించుకోవాలట. ఆఫీసులోకి కంప్యూటర్లు వస్తాయి, ఫైళ్లు మోసేవాళ్లు అక్కర్లేదు అన్నారు. డిగ్రీ తెచ్చుకున్న ప్యూన్లను క్లర్కులుగా తీసుకుంటారు, తెచ్చుకోనివాళ్లను తిరిగి గనికి పంపుతారు. దానికి మూడేళ్లు గడువు. ఆయన ఉద్యోగంలో ఉండగానే ప్రైవేటుగా బారావీ, అంటే పన్నెండో తరగతి పాసైన మనిషి కాబట్టి బీఏకి కట్టొచ్చు. ఇంటికి దగ్గరి కాలేజీలోనే ఎక్స్‌టర్నల్‌గా కట్టాడు.

మరాఠీ తీసుకుంటే తేలిక అని ఆఫీసులో అందరూ చెప్పారు. ఈయన ఇంగ్లీషు పట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, గిరిజ ఆ సంవత్సరమే ఆ కాలేజీలోనే ఇంగ్లీషు బీఏలో చేరింది. పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి, పంతులమ్మ ఇంట్లో ఉంది, ఇంకేం కావాలి అన్నాడు. ఇంటికంతా ఒక దువ్వెన చాలదా అన్నట్టు, ఇద్దరికీ కలిపి ఒక బీఏ. ఇంత తెలివి మా వాళ్లకు తప్ప ఎవరికి వస్తుంది చెప్పండి.

గిరిజకు ఇంగ్లీషంటే ప్రాణం. కాలేజీలో మేడమ్ అవ్వాలని దాని కోరిక. ఆ కోరిక అది ఒక్కసారే చెప్పింది. కాలనీ అంతా చెప్పుకుని తిరిగింది నేను. నా బిడ్డ మేడమ్ అవుతుంది, కళ్లద్దాలు పెట్టుకుని స్కూటీ మీద కాలేజీకి పోతుంది అని నీళ్ల పంపు దగ్గరా, రేషన్ లైన్లోనూ డప్పు కొట్టాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్త ఊరికే అనలేదు.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి ముఖం కడుక్కోగానే చదువు మొదలయ్యేది. కాలేజీలో సారు ఇంగ్లీషు పద్యాన్ని మరాఠీలో చెప్పేవాడు. ఆ మరాఠీని గిరిజ ఇంటికి తెచ్చి తెలుగులో చెప్పేది, ఎందుకంటే ఆయనకు ఏదైనా తెలుగులో చెబితేనే తలకెక్కుతుంది. తెలుగు మాట్లాడటమే గానీ రాయడం మాలో ఎవరికీ రాదు. అందుకని ఆయన ఆ తెలుగును మరాఠీ అక్షరాల్లో రాసుకునేవాడు. ఇన్ని ఊళ్లు తిరిగాక ఎవరో దొర రాసిన పద్యంలో ఏం మిగిలిందో ఆ దేవుడికే తెలియాలి.

ఒక పద్యంలో ఎవరో దొర వాగు పక్కన కూర్చుని వాగుతోనే మాట్లాడతాడట. ఆయన శ్రద్ధగా విని, ఆ దొరకు ఏం పని లేదా బిడ్డా అని అడిగాడు. గిరిజ నవ్వలేదు. దానికి నా కోపం వచ్చింది, ఆయన ఓర్పు రాలేదు. ఆ ప్రశ్నకు మార్కులు రావు, రాసుకో అంది. తప్పు చదివితే గైడుతో నేల మీద కొట్టేది. ఒక్కోసారి నాకే ఒళ్లు మండేది, తండ్రిని అలా గద్దిస్తావా అని. ఆయన మాత్రం సారు ముందు విద్యార్థిలా తల ఊపేవాడు. శనివారం భజనల్లో పాడే గొంతు కదా, ఇంగ్లీషు జవాబులను కూడా రాగం తీసి బట్టీ పట్టేవాడు. రాగం లేకపోతే ఆయనకు ఒక్క వాక్యం గుర్తుండేది కాదు. నేను రొట్టెలు చేస్తూ వినీ వినీ, నాకే సగం జవాబులు వచ్చేశాయి. అర్థం మాత్రం అడగొద్దు.

పరీక్షలు ఇంకో తలవంపు. మనం ఇంటిపేరు పెళ్లిలోనో చావులోనో తప్ప తలవం. మరాఠీ బళ్లలో మొదట అదే రాస్తారు, పరీక్ష నంబర్లు కూడా ఆ వరసలోనే ఇస్తారు. కొండగొర్ల గిరిజ, ఆ వెంటనే కొండగొర్ల ప్రహ్లాద్. కూతురు ముందు బెంచీలో, తండ్రి సరిగ్గా వెనక బెంచీలో. కాలేజీ పిల్లలకు అంతకంటే తమాషా ఏం కావాలి? పప్పా వచ్చాడు, పప్పా కాపీ కొట్టడానికి వచ్చాడు అనేవాళ్లట. కూతురి జడ వెనక దాక్కుని పాసవుతున్నాడని కుసుంబాయి కాలనీలో చెప్పింది.

ఆ మాట ఆయన చెవిన పడింది. అప్పటి నుంచి పరీక్ష హాల్లో ఆయన తల ఎత్తలేదు. గడియారం చూడ్డానికి కూడా ఎత్తలేదు. ఎత్తితే ముందు బెంచీ కనబడుతుంది కదా. పరీక్ష రోజుల్లో ఇంటికి రాగానే మెడ పట్టేసిందని బోర్లా పడుకునేవాడు, నేను ఆముదం వేడి చేసి రుద్దేదాన్ని. మొదటి రెండేళ్లూ అలా మెడలు విరగ్గొట్టుకుని అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. గిరిజ రెండేళ్లూ క్లాసులో అందరికంటే ముందు.

మూడో ఏడు ఆఖరి పేపర్ రోజు గిరిజ వెలిగిపోతూ వచ్చింది. అది అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. పేపర్లో ఒక నాటకంలో ఆడమనిషి గురించి అడిగారట. గైడులో రాసింది కాకుండా తను అనుకున్నదంతా రాసిందట, రాస్తూ ఉంటే ఇంకా ఇంకా వచ్చిందట.

"ఇయ్యాల నేను నిజంగ రాసిన అవ్వా" అంది నాతో.

తక్కిన ప్రశ్నల సంగతేమిటి బిడ్డా అని ఆయన మెల్లగా అడిగాడు. గంట కొట్టేశారు, ఉన్నకాడికి గెలికాను, ఆ ఒక్కదానికే మార్కులు గుమ్మరిస్తారు చూడు అంది.  శిష్యుడు గురువును అడిగేదేముంది? తను మాత్రం ప్రతి ప్రశ్నకూ తన రాగంలో వచ్చినంత వరకూ, నాలుగేసి ముక్కలు రాసి వచ్చాడు.

ఫలితాలు వానల్లో వచ్చాయి. గిరిజకు ఒంట్లో బాగాలేదు, ఆయనే ఆఫీసు నుంచి కాలేజీకి వెళ్లి చూసుకుని వచ్చాడు. గొడుగు మడిచి మూల పెట్టాడు. కాళ్లు కడుక్కున్నాడు. మంచం మీద కూర్చున్న గిరిజ వైపు చూడకుండా చెప్పాడు.

"ఫెయిలైనం బిడ్డా. ఇద్దరం."

గిరిజ మొదట నమ్మలేదు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుపు కూడా లేదు. తినమంటే తినదు, లేవమంటే లేవదు. మర్నాడు మధ్యాహ్నం గోడ వైపే తిరిగి, ఇక చదువు వద్దు, ఎవడో ఒకడికిచ్చి చేసెయ్యండి, ఈ కాలనీలో నేను ముఖం చూపించలేను అంది. దాని స్నేహితురాలు ప్రణాలి వస్తే తలుపు తీయనివ్వలేదు.

నా సంగతి అడగండి. తల కొట్టేసినట్టయింది. మేడమ్, స్కూటీ, కళ్లద్దాలు అని ఊరంతా డప్పు కొట్టిన నోరు ఇది. మిట్టమధ్యాహ్నం పంపు దగ్గర ఎవరూ లేని వేళ చూసుకుని నీళ్లకు వెళ్లాను. కూరగాయల బండి వాడిని కేకేయకుండా ఇంట్లో ఉన్న పప్పుతోనే సరిపెట్టాను. నా బిడ్డ బాధ కంటే నాకు నా మాటల బాధే ఎక్కువగా ఉంది, ఆ సంగతి కూడా తెలుస్తూనే ఉంది.

దాన్ని లేపింది ఆయనే. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఇద్దరం కలిసే మునిగాం, అక్టోబర్ పరీక్షలో కలిసే లేద్దాం, నువ్వు పడుకుంటే నాకెవరు చెబుతారు అన్నాడు. ఆఫీసులో సాహెబ్ అక్టోబర్ దాకా ఆగుతానన్నాడని కూడా చెప్పాడు.  గిరిజ ఇటు తిరిగి, నువ్వు మళ్లీ ఖదాన్లో దిగకూడదు కాబట్టి లేస్తున్నాను బాపూ, నాకోసం అయితే లేచేదాన్ని కాదు అంది. లేచి తల దువ్వుకుంది. గైడు తీసింది.

ఆ సాయంత్రమే ఇంటి వెనక బట్టలు ఆరేస్తూ ఆయన్ని పట్టుకున్నాను. మూడేళ్లు నీకు ఆముదం రాసిన చేతులు ఇవి, ఏ ముఖం పెట్టుకుని ఫెయిలయ్యావు, రేపు ఆ దుమ్ములో దగ్గుతూ ఉంటే ఎవరు చూడాలి అని నోటికి వచ్చినట్టల్లా తిట్టాను. ఆయన తీగ మీద తడి చొక్కా సర్దుతూ ఉండిపోయాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"నేను పాసైన నర్సూ. అది ఒక్కతే పోయింది."

ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. ఎందుకు దాచాలి? ఇంట్లో బిడ్డ బతుకు ముగిసిందని ముడుచుకుని పడుకుని లేచింది, ఇక్కడ నేను తడి బట్టలు చేతిలో పెట్టుకుని, హమ్మయ్య నా మొగుడు గనికి పోడు అని సంతోషపడ్డాను. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

అయితే ఎందుకు అబద్ధం చెప్పావంటే, తండ్రి పాసై తను ఫెయిలైందని తెలిస్తే ఆ పిల్ల మళ్లీ పుస్తకం ముట్టదు అన్నాడు. శిష్యుడు పాసై గురువు ఫెయిలైందని కాలనీ నవ్వితే తట్టుకోలేదు అన్నాడు. అక్టోబర్‌లో అది పాసయ్యాక చెబుదాం అన్నాడు. మరి క్లర్కు దరఖాస్తుకు ఆఖరు తేదీ ఈ నెలలోనే కదా, అక్టోబర్ దాకా ఆగడానికి ఆ సాహెబ్ నీ మేనమామా అని అడిగాను.  సాహెబ్‌ను అసలు అడగనే లేదట. నా చెయ్యి పట్టుకుని, చెప్పనని గిరిజ మీద ఒట్టు వేయించుకున్నాడు. మొగుడు అడిగాడని కాదు, బిడ్డ మీద ఒట్టు అనేసరికి నా నోటికి మొదటిసారి తాళం పడింది.

వాళ్ల ఆఫీసు పోచన్న ఒకరోజు గుమ్మంలోకి వచ్చి పోయాడు. గిరిజ పిండి మరకు వెళ్లింది, అదృష్టం. గనికి పంపేవాళ్ల పేర్లు సిద్ధమవుతున్నాయనీ, ఈ శనివారం లోపల డిగ్రీ చూపించకపోతే ప్రహ్లాద్ అన్న పేరు అందులోకి ఎక్కుతుందనీ, పాపం అంత కష్టపడి ఫెయిలయ్యాడనీ జాలిపడ్డాడు. నేను తల ఊపాను. మింగలేను, కక్కలేను. చాయ్ కూడా ఇవ్వడం మరిచిపోయాను.

రోజూ సాయంత్రం మళ్లీ అదే చదువు. ఆయన కావాలని తప్పులు చదివేవాడు. పాసైన పరీక్షకు చదువుతున్నట్టు నటించడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. గిరిజ గైడుతో నేల కొట్టేది, మూడేళ్లుగా చెప్పిందే మళ్లీ చెప్పించుకుంటావా, ఇంత మొద్దువైతే ఖదానే నీకు గతి అనేది. ఆయన తల దించుకునేవాడు. నేను రొట్టె చరుస్తూ పిండిని చంపేసేదాన్ని. మీ బాపు పాసయ్యాడే అని అరవాలని గొంతు దాకా వచ్చేది. కానీ అరిస్తే ఎవరి కడుపు చించుకున్నట్టు? కాళ్ల మీద పడేది మా పేగులే.

శుక్రవారం వచ్చింది. తెల్లారితే ఆఖరు తేదీ. ఆయన మనసు ఇంట్లో లేదు. గోడకు ఆనుకుని వీధిలోకి చూస్తూ ఉన్నాడు, మధ్యమధ్య అరచేత్తో ఛాతీ రాసుకుంటున్నాడు. గిరిజ ఏదో ప్రశ్న అడిగింది. ఆయన వీధిలోకి చూస్తూనే రాగం అందుకున్నాడు. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా, ఎక్కడా తడబడలేదు. గిరిజ ఇంకొకటి అడిగింది. అదీ అంతే, పారే నీళ్లలా చెప్పేశాడు. మూడోది అడిగింది. నేను దగ్గాను, పెనం గట్టిగా పెట్టాను, నీళ్లు కావాలా అని కేకేశాను. ఆయనకు వినబడితేనా! భజనలో మునిగినట్టు మునిగి, నాలుగోది అడగకుండానే తనే మొదలుపెట్టాడు.

గిరిజ గైడు మూసింది.

"బాపూ, గింత వచ్చినోనివి ఎట్ల ఫెయిలైనవ్?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. హాల్లో భయం వేసిందనీ, అంతా మరిచిపోయాననీ ఏదో గొణిగాడు. గిరిజ ఆయన ముఖం వైపే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అవ్వా, నువ్వు చెప్పు."

నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా ఉన్నది లేదు. అడగనివాళ్లకు కూడా చెప్పాను. ఆ రోజు మాత్రం కుక్కిన పేనులా కూర్చున్నాను. నిజం చెబుదామంటే ఒట్టు అడ్డం. పోనీ అబద్ధం చెబుదామని నోరు తెరిచాను, అదీ రాలేదు. పెనం మీద రొట్టె పొగలు కక్కుతోంది. దాన్ని తిప్పాలని కూడా తోచలేదు. గిరిజ ఆ రొట్టెను చూసింది, నన్ను చూసింది. నా నోరు ఊరుకుందంటే ఇంట్లో ఎంత పెద్ద సంగతి దాగి ఉందో దానికి తెలియదా? నా కడుపున పుట్టిన పిల్ల.

"పాసైండు గదా?" అంది.

 అది వచ్చి మాడిన రొట్టెను తీసి పక్కన పడేసింది, స్టవ్ ఆర్పింది. ఆఫీసులో ఆఖరు తేదీ ఎప్పుడని అడిగింది. రేపే అని ఆయన నేలకేసి చూస్తూ చెప్పాడు. సాహెబ్ ఆగుతానన్న మాట కూడా అబద్ధమేనా అంటే తల ఊపాడు. అది ఆ గైడుతో తననే కొట్టినా బాగుండేదన్నట్టు కూర్చున్నాడు.

"నేను ఫెయిలైనందుకు గింత సిగ్గు కాలేదు బాపూ" అంది గిరిజ. గొంతు పెంచలేదు. "నువ్వు పాసైతే నీ బిడ్డ ఓర్వదు అనుకున్నవ్. నీకు దగ్గొచ్చినా సరే, అది కుళ్లుకుంట కూసుంటది అనుకున్నవ్. నన్ను గంత చిన్నగ జేసినవ్. గందుకు సిగ్గైతుంది నాకు."

"గట్ల కాదు బిడ్డా" అన్నాడాయన.  "నువ్వు చెప్తేనే వచ్చిన సదువు. పంతులమ్మ కింద కూసుంటే నేను మీద ఎట్ల కూసుంట?"

 గిరిజ చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయింది. ఆయన లేవబోయి, లేవలేక కూర్చున్నాడు.  అది అన్న మాట ఆయన్నే అంది గానీ తగిలింది నాకూ. నేను కూడా అలాగే అనుకున్నాను కదా. బిడ్డ మీద ఒట్టు అని చెప్పుకున్నాను, లోపల మాత్రం ఈ పిల్ల తట్టుకోలేదు, గోల చేస్తుంది అనే అనుకున్నాను. కన్నదాన్ని, నాకే దాని కొలత తెలియలేదు. ఆ పొగ నిండిన వంటింట్లో నాకు ఎవరి వైపూ చూడబుద్ధి కాలేదు.

అది తిరిగి వచ్చేసరికి చేతిలో మిఠాయి పెట్టె ఉంది. మా దగ్గర ఎవరైనా పరీక్ష పాసైతే ఇంటింటికీ పేఢాలు పంచుతారు. పంచకపోతే పాసైనట్టే కాదు. మా ఇంట్లో ఒకరు బీఏ పాసై ఇన్ని రోజులైనా ఒక్క పేఢా కూడా పంచలేదు. తెల్లారగానే మార్కుల కాగితం పట్టుకుని ఆఫీసుకు పొమ్మని తండ్రికి చెప్పింది. నన్ను చూసి, నడువు అవ్వా అంది.

నేను వద్దన్నాను. తెల్లారాక పంచుదాం, నేనే పంచుతాను, నువ్వు ఇంట్లో ఉండు అన్నాను. వినలేదు. అప్పటికి దీపాలు పెట్టే వేళ. కాలనీ వాళ్లంతా గుమ్మాల్లోనే ఉన్నారు. గిరిజ ముందు, నేను వెనక. ఆయన మా వెంట రాలేడు, ఇంట్లో ఉండలేడు. వీధి మొదట్లో దొంగలా నిలబడ్డాడు.

మొదటి గుమ్మంలో గిరిజ పెట్టె తెరిచి పట్టుకుంది. మా బాపు బీఏ పాసయ్యాడు, తీసుకోండి అంది. వాళ్లు సంతోషపడ్డారు, తీసుకున్నారు. ఆ వెంటనే అడిగారు, మరి నువ్వు? నేను ఫెయిలయ్యాను, అక్టోబర్‌లో రాస్తాను అంది. వాళ్లు చేతిలోని పేఢాను నోట్లో పెట్టుకోవాలో వద్దో తెలియక నిలబడ్డారు. రెండో గుమ్మంలోనూ అదే మాట. మూడో గుమ్మంలోనూ అదే. ప్రతి గుమ్మంలోనూ, మరి నువ్వు అని అడిగేదాకా ఆగేది, తప్పించుకునేది కాదు. నేను నా కాలి మట్టెలు చూసుకుంటూ నిలబడ్డాను. నా కొంగు కింద ఒళ్లంతా కుంచించుకుపోయింది. ఏ గుమ్మాల్లో మేడమ్ అవుతుందని చెప్పానో అవే గుమ్మాలు ఇవి.

కుసుంబాయి గుమ్మం వచ్చింది. గిరిజ అక్కడ కూడా అదే చెప్పింది. కుసుంబాయి పేఢా తీసుకోకుండా నడుం మీద చేతులు పెట్టుకుని, ముందు గిరిజను, తర్వాత నన్ను, తర్వాత వీధి మొదట్లో ఉన్న ఆయన్ని చూసింది. పకపకా నవ్వింది.

అయితే ఆయన నిజంగా కూతురి పేపర్ చూడలేదన్నమాట, చూసి రాస్తే ఆయన కూడా ఫెయిలయ్యేవాడు కదా అంది.

మూడేళ్లుగా మెడ విరిగేలా తల దించుకుని కూర్చున్న మనిషి దొంగ కాదని మొదటిసారి ఒక నోరు ఒప్పుకుంది, అదీ ఇలా. గిరిజ ఏదో అనబోయింది.  అన్ని గుమ్మాలు దాటి వచ్చిన పిల్ల ఇక్కడ ఆగిపోయింది. పెట్టె పట్టుకున్న చేతులు కిందికి దిగుతున్నాయి.

నేను దాని ముందుకు వెళ్లి నిలబడ్డాను. తిట్టడానికి నాకు మాటలు కరువా? ఆ రోజు తిట్టు రాలేదు.

"అవును కుసుం, నా బిడ్డ ఫెయిలైంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆయన పాసైండు. ఆయనను పాస్ జేసింది గిదే. రెండు నిజమే. పేఢా తీసుకో."

కుసుంబాయి నవ్వు ఆపి తీసుకుంది. సిగ్గుతో నా ముఖం మండిపోతూనే ఉంది. గిరిజ చేతిలోని పెట్టె నేను తీసుకుని, ఆ పక్క తలుపు నేనే కొట్టాను.